మైపాడు ఏ డొమైన్‌లో ఉంది?

నెల్లూరు నుంచి తూర్పుగా పాతిక కిలోమీటర్లు వెళ్తే మైపాడు. ఇందుకూరుపేట మండలం. పెన్న సముద్రంలో కలిసే చోటు అక్కడికి దగ్గరే. కార్తిక పౌర్ణమికి సముద్ర స్నానాలకు వచ్చే జనం, చుట్టూ రొయ్యల గుంటలు, వేట మీద బతికే మత్స్యకారులు. మ్యాపులో ఈ ఊరు ఎక్కడుందో చూపించడం తేలిక. ఇంటర్నెట్‌లో ఎక్కడుందో చూపించమంటేనే కష్టం.

జిల్లా యంత్రాంగం పెట్టే సమాచారం ఏపీ.గవ్.ఇన్ కింద ఉంటుంది. సముద్రం హెచ్చరికలూ, చేపలు దొరికే అవకాశమున్న చోట్ల సూచనలూ హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ సైట్లో ఉంటాయి. తుపాను వార్తలు ఈనాడు.నెట్‌లోనో సాక్షి.కామ్‌లోనో. బీచ్ వీడియోలు యూట్యూబ్‌లో. ఇవన్నీ రాబోయే తరాల కోసం దాచిపెట్టాలని ఎవరైనా పూనుకుంటే, కంప్యూటరుకు మొట్టమొదట చెప్పాల్సింది హద్దులు. వెబ్ ఆర్కైవింగ్ పనిలో ఉన్నవాళ్లు దాన్ని స్కోప్ అంటారు. ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం అదేనని నా నమ్మకం. హద్దు లోపల పడ్డది మిగులుతుంది. బయట పడ్డది, ఆ సైటు మూతపడ్డ రోజున పోతుంది.

క్రాలర్ అనే ప్రోగ్రాం చేసే పని చాలా మామూలుది. ఒక చిరునామా ఇస్తే ఆ పేజీ తెచ్చుకుంటుంది, అందులో ఉన్న లింకులు ఏరుతుంది, వాటి పేజీలు తెస్తుంది, వాటిలోని లింకులు ఏరుతుంది. ఆగమని చెప్పకపోతే ఆగదు. 1993 జూన్‌లో అమెరికాలోని ఎంఐటీలో మాథ్యూ గ్రే నడిపిన ‘వాండరర్’ ఈ జాతిలో మొదటిది. దాని ఉద్దేశం పేజీలు దాచడం కాదు, వెబ్ ఎంత పెరిగిందో కొలవడం. ఇలాంటి ప్రోగ్రాములు మీద పడి సర్వర్లను ఉక్కిరిబిక్కిరి చేయడంతో 1994లో మార్టిన్ కోస్టర్ రోబోట్స్.టెక్స్ట్ పద్ధతిని ప్రతిపాదించాడు. ఏయే భాగాల్లోకి రావద్దో సైటు యజమాని ఒక చిన్న ఫైల్లో రాసి పెడతాడు, మర్యాద తెలిసిన క్రాలర్ దాన్ని చదువుకుని తప్పుకుంటుంది. ఇంటర్నెట్ ప్రమాణంగా దీనికి అధికారిక పత్రం రావడానికి 2022 దాకా పట్టింది. అంటే క్రాలర్‌కు మొదటి హద్దు గీసింది దాన్ని నడిపేవాళ్లు కాదు, దాని తాకిడి పడ్డవాళ్లు.

దాచడానికే క్రాల్ చేయాలన్న ఆలోచన 1996లో మూడు చోట్ల, మూడు రకాలుగా మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రూస్టర్ కేల్ ఇంటర్నెట్ ఆర్కైవ్ స్థాపించాడు. ఆయన లెక్కలో హద్దే లేదు, అందినంతా తీసుకోవడమే. ఆ నిల్వను ఎవరైనా చూసుకునేలా ‘వేబ్యాక్ మెషీన్’ 2001 అక్టోబరులో తెరుచుకుంది. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం ‘పండోరా’ పేరుతో సరిగ్గా ఎదురుదారి పట్టింది: ఒక్కో సైటునూ మనిషి ఎంచి, ప్రచురించినవారి అనుమతి తీసుకుని, పుస్తకంలాగే కేటలాగు చేయడం.

మూడోది స్వీడన్. తెలుగువాళ్లం శ్రద్ధగా చూడాల్సింది దీన్నే. అక్కడి రాయల్ లైబ్రరీ తమ దేశపు వెబ్ మొత్తం సేకరించాలని సంకల్పించింది. వెంటనే చిక్కొచ్చింది: స్వీడన్ వెబ్ అంటే ఏది? డాట్ ఎస్ఈతో ముగిసేవన్నీ సరే. మరి డాట్ కామ్ మీద నడిచే స్వీడిష్ సైట్లో? రిజిస్ట్రేషన్‌లో స్వీడన్ చిరునామా ఉంటే వాటినీ కలిపారు. తర్వాత డాట్ ఎన్‌యూ. అది పసిఫిక్ సముద్రంలోని నియూ అనే చిన్న ద్వీపానికి కేటాయించిన డొమైన్. స్వీడిష్ భాషలో ఆ రెండక్షరాలకు ‘ఇప్పుడు’ అని అర్థం కావడంతో అక్కడివాళ్లు ఎగబడి కొన్నారు. అందుకని దాన్నీ హద్దులోకి తెచ్చారు. పైగా, వేరే దేశాల్లో ఉండి స్వీడన్ గురించి రాసే సైట్లను చేత్తో ఏరి చేర్చారు. ఒక దేశం తన వెబ్‌కు ఎల్లలు వెతుక్కుంటూ నాలుగు నిబంధనలు పేర్చుకోవాల్సి వచ్చింది. సొంత డొమైన్ ఉన్న దేశానికే అంత పని పడింది.

మన సంగతి చూడండి. తెలుగు వెబ్ అంతటినీ ఒకచోట చేర్చే దేశపు డొమైన్ లేదు. డాట్ ఇన్ మొత్తం క్రాల్ చేసినా ఈనాడు పేజీలు అందులో పడవు. 1998 నుంచి అమెరికా కేంద్రంగా నడిచిన ‘ఈమాట’ సాహిత్య పత్రిక డాట్ కామ్. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా డాట్ ఆర్గ్. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక ప్రభుత్వ సైట్లు కూడా రెండు ఇంటిపేర్ల కిందికి వెళ్లాయి. ఇక మన చట్టం చూస్తే, ప్రచురణ ప్రతులు గ్రంథాలయాలకు ఇవ్వాలన్న 1954 నాటి కేంద్ర చట్టం అచ్చు పుస్తకాల కోసం పుట్టి, 1956లో పత్రికల దాకా వచ్చింది. బ్రిటన్ అలాంటి బాధ్యతను 2013లో వెబ్‌కు విస్తరించి, తన దేశపు సైట్లను ఏటా క్రాల్ చేస్తోంది. ఏ దేశపు గ్రంథాలయమైనా తన హద్దు తాను గీసుకుంటుంది. తెలుగు వెబ్ ఆ గీతలన్నిటి మధ్య చెల్లాచెదురుగా పడి ఉంది.

దేశంతో కాకుండా సంఘటనతో హద్దు గీయడం 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత బలపడింది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, ఇంటర్నెట్ ఆర్కైవ్ మరికొందరితో కలిసి ఆ ఒక్క ఘటన మీద ప్రపంచమంతటి నుంచీ సైట్లు పోగుచేశాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడూ అలాంటి ప్రత్యేక సంగ్రహం తయారైంది. ఆ రోజు ఆంధ్ర తీరంలో వందమందికి పైగా చనిపోయారు, నెల్లూరు తీరమూ దెబ్బతింది. ఆ సమయంలో తెలుగు పత్రికల సైట్లలో ఊరూరి వార్తలు వచ్చాయి. వాటిని తర్వాత చదవగలమా అన్నది హద్దుతోనే ముడిపడిన ప్రశ్న.

కారణం ఫాంట్లు. యూనికోడ్ వాడకంలోకి రాకముందు తెలుగు పత్రికలు దేనికది సొంత ఫాంటు వాడేవి. పేజీలో నిజంగా ఉండేది రోమన్ అక్షరాలూ గుర్తులూ. పక్కనే ఇంకో ఫైలుగా ఉన్న ఫాంటు వాటికి తెలుగు రూపం ఇచ్చేది. పేజీ దాచి ఫాంటు ఫైలు వదిలేస్తే మిగిలేది గజిబిజి. ఆ బాధ తీర్చడానికే నాగార్జున వెన్న ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత రాశారు. ఏ పత్రిక ఫాంటు ఏ అక్షరానికి ఏ గుర్తు వాడిందో పట్టికలు కట్టి, పేజీని యూనికోడ్‌లోకి మార్చే పని అది. పాత తెలుగు వెబ్ చదవాలనుకునేవాళ్లు ఆయనకు రుణపడి ఉన్నారు.

పేజీని మాత్రమే కాదు, అది కనబడటానికి కావలసిన వస్తువులన్నిటినీ, అవి ఏ సర్వర్లో ఉన్నా సరే తేవాలన్న నిబంధన ఇలాంటి చోటే అక్కరకొస్తుంది. దాన్ని పక్కాగా అమలు చేసినది హెరిట్రిక్స్ అనే క్రాలర్. ఇంటర్నెట్ ఆర్కైవ్, నార్డిక్ దేశాల జాతీయ గ్రంథాలయాలు కలిసి 2003లో దాని అవసరాలు రాసుకున్నాయి. గోర్డన్ మోర్ బృందం దాన్ని నిర్మించి, 2004 జనవరిలో అందరికీ ఉచితంగా విడుదల చేసింది. మొదట్లో అందులో స్కోప్ అంటే కొన్ని రెడీమేడ్ అచ్చులు: డొమైన్ మొత్తం, ఒక్క హోస్ట్ (ఒకే సైటు), ఒక్క దారి (సైటులో ఒక విభాగం), లేదా అసలు హద్దే లేకుండా. ఏ సంగ్రహమూ ఆ అచ్చుల్లో సరిగ్గా ఇమడలేదు. కొద్దికాలానికే వాటిని పక్కనబెట్టి నిబంధనల వరుస తెచ్చారు. ప్రతి చిరునామా ఆ వరుస గుండా పోతుంది. ఒక్కో నిబంధన ‘తీసుకో’ అనో ‘వద్దు’ అనో చెబుతుంది, లేదా ఊరుకుంటుంది. చివరగా నోరు విప్పినదాని మాటే చెల్లుతుంది. ఇరవై ఏళ్లు దాటినా ఈ ఏర్పాటు నిలిచిందంటే దాని బలం అర్థమవుతుంది.

ఇందులో నాకు ముచ్చటేసే సంగతి చిరునామా తిరగేయడం. ఎస్పీఎస్‌నెల్లూరు.ఏపీ.గవ్.ఇన్ అన్నది హెరిట్రిక్స్ లోపల ఇన్, గవ్, ఏపీ, ఎస్పీఎస్‌నెల్లూరు అవుతుంది. ఉత్తరం మీద ఇంటి నంబరుతో మొదలుపెట్టి రాష్ట్రంతో ముగించే చిరునామాను రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు అని తిరగరాసినట్టు. ఇలా రాస్తే ‘ఇన్, గవ్, ఏపీ’ దాకా కలిసినవన్నీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానివి. ఇంకో మెట్టు దిగితే ఒక్క నెల్లూరు జిల్లావి. హద్దును ఎంత పెద్దదిగానైనా ఎంత చిన్నదిగానైనా ఒకే పద్ధతిలో చెప్పొచ్చు. ఒక చిన్న గీత కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. పత్రిక సైట్లో నెల్లూరు విభాగం చిరునామా ఇచ్చి చివర వాలు గీత పెడితే ఆ విభాగం వరకే. గీత మరచిపోతే ఆ పత్రిక మొత్తం.

క్రాలర్ పోగుచేసే చిరునామాలకు మైపాడు పేరు ఒక్కటే జల్లెడగా పెట్టి చూడండి. తెలుగులో ఉన్న చిరునామాను బ్రౌజర్ ‘మైపాడు’ అనే చూపిస్తుంది. క్రాలర్ లాగ్‌లో మాత్రం అందులోని ఆరు యూనికోడ్ సంకేతాలు ఒక్కోటి తొమ్మిదేసి గుర్తులుగా, మొత్తం 54 గుర్తుల పొడవున ఉంటాయి. తెలుగులో రాసిన జల్లెడకు ఆ పేజీ ఆనదు. ఇంగ్లీషులో రాద్దామంటే వై పెట్టేవాళ్లున్నారు, ఏఐ పెట్టేవాళ్లున్నారు. ఇవన్నీ సరిచేశాక వచ్చిన పేజీల్లో చాలావాటికి సముద్రంతో సంబంధం ఉండదు, ఎందుకంటే నెల్లూరు నగరంలోనే మైపాడు గేటు అనే సెంటరు ఉంది. అక్కడి దుకాణాలూ ట్రాఫిక్ వార్తలూ అన్నీ వచ్చి పడతాయి.

అందుకే హద్దు ఒక్కసారి గీసి వదిలేసేది కాదు. 2006లో ఇంటర్నెట్ ఆర్కైవ్ మొదలుపెట్టిన ‘ఆర్కైవ్-ఇట్’ సేవతో ప్రోగ్రామింగ్ రాని గ్రంథపాలకులు కూడా క్రాల్ నడపగలిగారు. పరీక్ష క్రాల్ అన్నది అక్కడ రివాజైంది. ముందు దాచకుండా నడిపి, ఏ హోస్ట్ నుంచి ఎన్ని ఫైళ్లు వచ్చాయో, ఎన్ని క్యూలో మిగిలాయో, ఏవి హద్దు బయట పడ్డాయో రిపోర్టులో చూస్తారు. క్యూలో లక్షలు పేరుకున్న హోస్ట్ దగ్గర సాధారణంగా ఉచ్చు ఉంటుంది. బీచ్ హోటలు గదుల బుకింగ్ క్యాలెండర్‌లో ‘వచ్చే నెల’ లింకుకు అంతం లేదు. క్రాలర్ నొక్కుకుంటూ రాబోయే శతాబ్దాల్లోకి వెళ్లిపోతుంది. ఇంకోచోట వెబ్‌మాస్టర్ లింకు సరిగ్గా రాయకపోతే ఫొటోలు/ఫొటోలు/ఫొటోలు అంటూ చిరునామా పెరుగుతూనే పోతుంది. ఒకే ముక్క పదేపదే వస్తే వదిలేయమనే నిబంధన హెరిట్రిక్స్‌లో దానికోసమే ఉంది. ప్రతి ఫైలు పక్కనా అది ఎన్ని అంగల్లో దొరికిందో అక్షరాల్లో రాసి ఉంటుంది: ‘ఎల్ఎల్ఈ’ అంటే రెండు లింకులు దాటి, ఆ పేజీలో పొదిగిన వస్తువు. బొమ్మ ఎందుకు వచ్చిందో, ఫాంటు ఎందుకు రాలేదో తేల్చుకోవడానికి ఈ మూడక్షరాల వంటివే ఆధారం.

హద్దుకు కాలం కూడా ఉంది. ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరికల కేంద్రం 2007 అక్టోబరులో మొదలైంది. ఆ సంస్థ వేట కోసం ఇచ్చే సూచనలు త్వరగా పాతబడతాయి. ఏడాదికోసారి క్రాల్ చేస్తే మత్స్యకారుడి ఏడాదిలో ఒక్క రోజు మిగులుతుంది. జిల్లా సైటు నెలకోసారి చాలు, తుపాను వస్తున్నప్పుడు వార్తల సైట్లు గంటగంటకూ కావాలి. జిల్లా ఎల్లలు కూడా కదిలాయి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు సూళ్లూరుపేట, దాంతోపాటు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి, కందుకూరు నెల్లూరులోకి వచ్చింది. ‘నెల్లూరు తీరం’ పేరుతో సంగ్రహం పెట్టినవారు సూళ్లూరుపేట వైపున్న పులికాట్ సరస్సు పేజీలను వదలాలా? వదలకూడదని నేనంటాను. 2022కు ముందు జిల్లా సైట్లో ఉన్నదంతా ఈ తీరపు చరిత్రే. అలాగే అప్పుడు చేరిన కందుకూరు పాత పేజీలు ప్రకాశం జిల్లా చిరునామా కింద వెతుక్కోవాలి.

ఇప్పుడు పేజీలు చాలావరకు బ్రౌజర్లో ప్రోగ్రాం నడిస్తే తప్ప తెరుచుకోవు కాబట్టి, నిజమైన బ్రౌజర్నే నడిపించే పరికరాలు వచ్చాయి. ఇల్యా క్రైమర్ మొదలుపెట్టిన వెబ్‌రికార్డర్ ప్రాజెక్టు వారి ‘బ్రౌజర్‌ట్రిక్స్’ అలాంటిది, సొంతంగా నడుపుకుంటే ఉచితం. అందులో స్కోప్ ఎంపికలు ఒక్క పేజీ, ఒక దారి, హోస్ట్, డొమైన్, లేదా మనమే రాసుకునే నిబంధన. నెల్లూరులోని ఒక కాలేజీ గ్రంథాలయం, ఒక కంప్యూటరుతో ఈ పని మొదలుపెట్టగలదు. జిల్లా సైటుకు హోస్ట్ అని, పత్రికల నెల్లూరు విభాగాలకు దారి అని పెట్టి ఒక అంగ బయటికి అనుమతించాలి, ఎందుకంటే విభాగంలో కనబడే వార్త అసలు పేజీ చాలాసార్లు వేరే దారిలో ఉంటుంది. యూట్యూబ్‌కు ఒక్క పేజీ మాత్రమే. హోటలు క్యాలెండరుకు ‘వద్దు’. ఫాంట్లకూ బొమ్మలకూ ఎక్కడున్నా ‘తీసుకో’. మొదటి పరీక్ష రిపోర్టు వచ్చాక, మైపాడు గేటును మైపాడు నుంచి వేరుచేయడానికి ఆ రెండు చోట్లూ తెలిసిన నెల్లూరు మనిషి ఒకరు కూర్చోవాలి.