కోయంబత్తూరు, మధుర తెలుగు సీమలలో విదేశీ వాహనములు: ఎన్నిక, దిగుమతి, నిత్యోపయోగము

దక్షిణ దేశమున స్థిరపడిన తెలుగువారి చరిత్రను వ్రాయువారు సాధారణముగా నాయకరాజుల దండయాత్రలతో నారంభించి, దేవాలయ నిర్మాణములతోను, యక్షగాన వాఙ్మయముతోను ముగింతురు. ఆ కుటుంబములవారు పొలము నుండి సంతకు, సంత నుండి మిల్లుకు ఏ బండిపై పోయిరో, ఆ బండిని ఎట్లు ఎన్నుకొనిరో విచారించినవారు తక్కువ. కాని ఇరువదవ శతాబ్దమున కోయంబత్తూరు, మధుర ప్రాంతముల జీవనమును మార్చినవాటిలో విదేశముల నుండి వచ్చిన మోటారు వాహన మొకటి. దానిని కొనుట ధనముతో నగు పని. దినదినమును నడిపించుకొనుట విద్యతో నగు పని. ఈ రెండవ పనియే ఈ వ్యాసమునకు విషయము.

విజయనగర చక్రవర్తుల ప్రతినిధిగా విశ్వనాథనాయకుడు 1529 ప్రాంతమున మధురలో అధికారము చేపట్టెను. ఆ రాజ్యము 72 పాళెములుగా విభజింపబడెనని ప్రసిద్ధి. సైన్యముతో పాటు వ్యవసాయదారులు, వర్తకులు, నేతపనివారు, తోలుపనివారు, మట్టిపనివారు తెలుగుదేశము నుండి వచ్చి చేరిరి. వారి సంతతివారిలో పలువురు నేటికిని ఇండ్లలో తెలుగు మాటలాడుచున్నారు. సేద్యమునకు పూనుకొన్నవారిలో అనేకులు నల్లరేగడి నేలలయందు స్థిరపడి ప్రత్తి పండించిరి. వేసవిలో ఈ నేల బీటలు వారును. వానకాలమున చక్రమును ఇరుసు వరకు మ్రింగును. 1689 నుండి 1706 వరకు రాజ్యపాలన చేసిన రాణి మంగమ్మ బాటలు వేయించి, చెట్లు నాటించి, సత్రములు కట్టించెనని జనులు నేటికిని చెప్పుకొనుటకు కారణము లేకపోలేదు. ఈ సీమలో బాటను మించిన ఉపకారము లేదు. బాట లేనిచోట బండియే బాటకు తగినట్లుండవలెను. ఎత్తైన చక్రము, బలమైన ఇరుసు, సమయమునకు పెట్టిన కందెన, విరిగిన ఆకును ఊరిలోనే మార్చగల వడ్రంగి: ఎద్దుబండికి ఇవియే లక్షణములు. ‘ఇరుసు’ అను మాట తెలుగు, తమిళము రెంటను ఒకటియే యగుట గమనింపదగినది. మోటారు వాహనము వచ్చిన తరువాతను ఈ కొలబద్ద మారలేదు.

ఇందుకు ముఖ్యమైన ఉదాహరణము గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారి చరిత్ర. జి.డి. నాయుడుగా ప్రసిద్ధులైన వీరు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపమున కలంగల్ గ్రామమున తెలుగు వ్యవసాయ కుటుంబమున జన్మించిరి. పాఠశాల చదువు వీరికి రుచింపలేదు. ఒక ఆంగ్ల రెవెన్యూ అధికారి ఎక్కివచ్చిన రడ్జ్ మోటారుసైకిలును చూచి, దానిని పొందగోరి, పట్టణమునకు పోయి భోజనశాలలో కొలువు చేసి ధనము కూడబెట్టి, 300 రూపాయలకు దానిని కొనిరని వీరి జీవితకథలు చెప్పుచున్నవి. ఆ బండి ఇంగ్లండున కోవెంట్రీ పట్టణమున తయారైనది. అప్పటికే ఒకరు వాడినది. దానిని కొన్న పిమ్మట ఆయన మొదట చేసిన పని ఊరేగుట కాదు. మరమరను విప్పి పరిశీలించి, మరల కూర్చుట. విప్పుటకు అందరికిని శక్తి కలదు. మిగులు లేకుండ కూర్చుటకు విద్య కావలెను. పాత విదేశీ వాహనమును కొనువాడు నేర్వవలసిన మొదటి పాఠ మిదియే.

1920లో ఆయన ఒక బస్సును సంపాదించి, పొల్లాచి పళనుల మధ్య తామే నడిపిరి. కోయంబత్తూరు పారిశ్రామికుడైన రాబర్టు స్టేన్సు చేసిన సహాయమును ఆయన జీవితకథలు పేర్కొనుచున్నవి. ఆ యొక్క బస్సు క్రమముగా యు.ఎం.ఎస్. అను పేరుగల పెద్ద రవాణాసంస్థగా వృద్ధి చెందెను. యాత్రికులు, రైతులు, సంతకు పోవు వర్తకులు దానిని నమ్మి బయలుదేరుదురు. నడుమ దారిలో నిలిచిపోయిన బస్సు యజమానునికి నష్టము మాత్రమే కాదు, నమ్మినవారికి ద్రోహము. కావున నిత్యము నడుపువాడు బండి యొక్క వేగమును కాక, దాని విశ్వాసమును కొనవలెను.

ఆ కాలపు విదేశీ వాహనములలో ఏది ఈ నేలకు తగినది? ఇంగ్లండు కార్లలో పెక్కు చదునైన బాటల కుద్దేశింపబడినవి. అమెరికా దేశమున గ్రామసీమల బాటలు మన బాటలవలెనే మట్టిబాటలు. 1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డు టి-నమూనా కారు నేలకు ఎత్తుగా నుండెడిది. దాని యంత్రము 20 అశ్వశక్తులది, నిర్మాణము సరళము. అమెరికా దక్షిణ రాష్ట్రములలో బండిజాడలు వెడల్పుగా నున్నందున, వాటికి సరిపోవునట్లు చక్రముల ఎడమును 56 అంగుళములకు బదులు 60 అంగుళములు చేసి కూడ కొంతకాల మమ్మిరి. అనగా ఆ దేశమున సైతము మోటారుకారు ఎద్దు, గుఱ్ఱము త్రొక్కిన జాడకు లోబడవలసివచ్చినది. బ్రిటిషు సామ్రాజ్య దేశములకు ఫోర్డు వాహనములను పంపు హక్కు కెనడాలోని ఫోర్డు శాఖకుండెను. 1926లో బొంబాయిలో ఫోర్డు శాఖయు, 1928లో అచ్చటనే జనరల్ మోటార్స్ కూర్పుశాలయు ఏర్పడుటచే దక్షిణమున విడిభాగములు దొరకుట సులభమయ్యెను. విడిభాగము దొరకని వాహన మెంత గొప్పదైనను నిత్యోపయోగమునకు తగదు.

విడిభాగము దొరకనిచో చేసికొనవలెను. ఈ విషయమున కోయంబత్తూరునకు గల అనుకూల్యము వేరు పట్టణములకు తక్కువ. ప్రత్తి వలన మిల్లులు, మిల్లుల వలన పోతపోయు శాలలు, లేతు యంత్రములు వచ్చెను. 1910లో లక్ష్మీ మిల్లు స్థాపితమయ్యెను. 1926లో పి.ఎస్.జి. ధర్మసంస్థ ఏర్పడి యంత్రవిద్యకు ఆదరువయ్యెను. 1932లో పైకారా జలవిద్యుత్తు ప్రారంభమయ్యెను. 1937లో పీలమేడున జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడుగార్ల కృషిచే విద్యుత్ మోటారు తయారయ్యెను. నూలు మరకు ఇరుసు త్రిప్పగల పనివాడు బస్సునకు బుష్ చేయలేడా? ఒకదాని విద్య మరియొకదానికి ఉపకరించెను.

అయినను ఇది యంతయు తెలుగువారి ఘనతయే యనుట సత్యము కాదు. మధుర వైపు చూచినచో ఈ సంగతి స్పష్టమగును. 1911లో మధురలో రవాణాసంస్థను స్థాపించిన టి.వి. సుందరం అయ్యంగారు తమిళులు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు కరువైనప్పుడు ఆయన సంస్థ బొగ్గువాయువుతో వాహనములను నడుపు సాధనమును తయారుచేసెను. కొలిమివంటి పాత్రలో బొగ్గును చాలీచాలని గాలితో మండించిన ఇంధనముగా పనికివచ్చు వాయువు పుట్టును. దానిని వడియగట్టి యంత్రమునకు పంపుదురు. శక్తి తగ్గును, మసి పెరుగును. కాని బస్సు ఆగదు. అరిగిన టైర్లకు మరల రబ్బరు పోయు పరిశ్రమయు ఆ సంస్థ చేపట్టినదే. కావున ఈ చరిత్రలో ఆంగ్లుని ఋణము, తమిళుని వ్యవస్థ, తెలుగువాని పట్టుదల, పేరు మిగులని పనివారి చేతులు కలసియున్నవి. తన వంతును సరిగా చెప్పుకొనుట గౌరవము. పరుల వంతును కలుపుకొనుట లఘుత్వము.

యుద్ధము ముగియుటతో మరియొక వాహనము రంగమునకు వచ్చెను. 1941 నుండి 1945 వరకు విల్లీస్, ఫోర్డు కర్మాగారములు 6 లక్షలకు పైగా జీపులను తయారుచేసెను. యుద్ధానంతరము సైన్యము విడిచిన వాహనములు భారతదేశమున వేలములకు వచ్చెను. నాలుగు చక్రములకును శక్తి నందించు ఈ బండి రేగడి బురదకును, కొండదారులకును తగినది. ఆళియారు నుండి వాల్పారైకి పోవు దారిలో 40 కొండిమలుపులు కలవు. అట్టి దారిలో 80 అంగుళముల చక్రాంతరము గల పొట్టి బండి వరమువంటిది.

కాని దాని చిక్కులు దానికి కలవు. స్టీరింగు ఎడమవైపున నుండుటచే మన బాటలపై ముందు పోవు లారీని దాటునపుడు ఎదుటివాహనము చోదకునికి కానరాదు. దాని విద్యుత్తు 6 వోల్టులది. మరలు అమెరికా కొలతవి. ఆంగ్ల వాహనములకు వాడు విట్‌వర్తు స్పానర్లు వాటికి సరిగా పట్టవు. పట్టని స్పానరుతో త్రిప్పిన మర మూలలు అరిగి, మరి విప్పుటకు రాదు. వేలములో చౌకగా వచ్చినదని కొని, ఈ చిక్కుల నెఱుగనివారికి బండి గోడప్రక్క ఇనుపకుప్పయయ్యెను. ఎఱిగినవారికి దశాబ్దములు సేవచేసెను. 1945లో స్థాపితమైన మహీంద్రా సంస్థ 1947 నుండి జీపులను బొంబాయిలో కూర్చుటతో విడిభాగముల కొరత తగ్గెను.

తరువాత కాలము మారెను. 1953లో ప్రభుత్వము దేశీయ తయారీ పథకము లేని కూర్పుశాలలను ప్రోత్సహింపరాదని నిశ్చయించుటచే ఫోర్డు, జనరల్ మోటార్స్ కూర్పుపని నిలిపివేసెను. జి.డి. నాయుడుగారు 1952లో 2,000 రూపాయల వెలకు రూపొందించిన చిన్న కారునకు అనుమతి లభింపలేదు. నేటి నియమముల ప్రకారము దిగుమతి చేసికొను పాత కారు తయారై మూడేండ్లు మించియుండరాదు. స్టీరింగు కుడివైపున నుండవలెను. 2021 నాటి నియమములచే 50 ఏండ్లు దాటిన వాహనములను పురాతన వాహనములుగా నమోదు చేయవచ్చును గాని, అట్లు నమోదైనవానిని నిత్యప్రయాణమునకు నడుపరాదు. ఆ యువకుడు రడ్జ్ బండిని కొన్న తీరున, నడివయసు విదేశీ వాహనమును తెప్పించి దినము నడుపుకొను మార్గము నేడు దాదాపు మూసికొనిపోయినది. దేశమున నున్న పాత జీపులే మిగిలిన సంపద.

2015లో కోయంబత్తూరున జి.డి. నాయుడు ధర్మసంస్థవారు కార్ల ప్రదర్శనశాలను తెరచిరి. పిల్లలను తీసికొనిపోయి చూపదగిన స్థల మది. అయితే ప్రదర్శనశాల వాహనమును కాపాడునే గాని, దానిని విప్పి కూర్చిన చేతిని కాపాడలేదు. ఇంట తెలుగు, శాలలో తమిళము, యంత్రమునకు ఆంగ్లము వాడుచు బ్రతికిన ముదుసలి పనివారు మన పేటలలో ఇంకను కొందరు కలరు. వారు ఏ మరను ఏ పేర పిలిచిరో, దొరకని భాగమును దేనితో చేసిరో వ్రాసియుంచినవారు లేరు. శాసనముల ప్రతులు తీయుటకు చూపిన శ్రద్ధలో కొంత వీరి మాటలను వ్రాసికొనుటయందు సంఘములు చూపినచో, నాలుగు వందల యేండ్లకు మించిన వలస చరిత్రలో ఈ నూరేండ్ల అధ్యాయము లోపింపకుండును. శాసనమున కింకను ఆయువు కలదు. ముదుసలి పనివానికి లేదు.