యుద్ధం ముగిసిన తరువాత గుర్రాలు

యుద్ధచరిత్రలు సాధారణంగా సంధిపత్రాలతో ముగుస్తాయి. సైనికులు ఇండ్లకు మరలుతారు, పతకాలు పంచుతారు. ఆ సైనికులను మోసిన గుర్రాలు ఏమైనవన్న మాట ఆ గ్రంథాలలో ఏ మూలనో ఒక్క వాక్యంగా ఉంటుంది. ఆ ఒక్క వాక్యం వెనుక ఉన్న కథను నేడు ముచ్చటించుకుందాం.

1914లో మొదలైన ప్రపంచసంగ్రామంలో ఈజిప్టు, పాలస్తీనా రంగాలు ఆశ్వికదళాలవి. మన హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూరు సంస్థానాల లాన్సర్లు ఆ రంగంలోనే సూయజ్ కాలువను కాచారు, పాలస్తీనాలో పోరాడారు. వారి జ్ఞాపకార్థం ఢిల్లీలో తీన్‌మూర్తి స్తంభం వెలసింది. ఆ స్తంభం చుట్టూ మువ్వురు సైనికులు నిలిచి ఉన్నారు. గుర్రం మాత్రం లేదు.

యుద్ధం ముగిసేసరికి ఆ ఎడారి దేశాలలో వేలాది గుర్రాలు మిగిలినవి. ఓడలలో స్వదేశాలకు చేర్చడం ఖర్చుతో కూడిన పని. పైగా రోగాలు వెంట వస్తాయన్న భయం. ఆస్ట్రేలియానుంచి లక్షా ముప్పైవేలకు పైగా గుర్రాలు పరదేశాలకు తరలగా, తిరిగి వచ్చినది ఒకే ఒకటి. అది గల్లిపోలీ పోరులో గాయపడి 1915లో మరణించిన జనరల్ బ్రిడ్జెస్ గుర్రం, శాండీ. ముసలివాటిని, చెడిపోయినవాటిని కాల్చివేశారు. కొన్నిటిని ఇతర దళాలకు ఇచ్చారు. బ్రిటిషు సైన్యం ఈజిప్టులో ఇరవైవేలకు పైగా గుర్రాలను అక్కడివారికే అమ్మివేసింది. లెక్కలలో ఆ పద్దు అంతటితో ముగిసింది.

పదకొండేండ్లు గడిచినవి. 1930లో డొరొతీ బ్రూక్ అనే ఆంగ్లవనిత కైరో నగరానికి వచ్చింది. ఆమె భర్త అక్కడి ఆశ్విక బ్రిగేడుకు అధిపతి. అనగా గుర్రాలను అమ్మిన సైన్యంలోనే పెద్ద ఉద్యోగి. వీధులలో రాళ్ల బండ్లు లాగుతున్న ముసలి గుర్రాలను ఆమె చూచింది. డొక్కలు తేలిన ఒడలు, జీను రాపిడికి పడిన పుండ్లు, మందగించిన చూపు. వాటి ఒంటిమీద బాణపు ములికి ఆకారంలో సైన్యం వేసిన వాత ఇంకా చెరగలేదు.

1931లో ఆమె లండనులోని మార్నింగ్ పోస్ట్ పత్రికకు ఉత్తరం వ్రాసింది. దేశానికి సేవచేసిన జీవాలకు కడపటి దినాలనైనా శాంతిగా గడిపే భాగ్యం కలిగించండని పాఠకులను అర్థించింది. విరాళాలు వచ్చినవి. మూడేండ్లలో ఐదువేల గుర్రాలను ఆమె కొన్నది.

కొన్న తరువాత ఏమి చేయాలి? మనకు తోచే జవాబు సులభమైనది: పచ్చికబయళ్లున్న ఒక దయామయుని ఇంటికి పంపవచ్చును గదా అని. కాని ఇరవై ఏండ్లు దాటి, నడుము విరిగిన గుర్రాన్ని ఏ ఓడ ఎక్కిస్తారు? మరొక బండివానికి ఇస్తే మళ్లీ అదే కాడి. అందుచేత ఆమె వాటిని సాలకు తెచ్చి, మెత్తని గడ్డిపరుపు వేయించి, కడుపునిండా మేతా నీరూ పెట్టించి, కొద్ది దినాలు విశ్రాంతి ఇచ్చిన పిమ్మట, చాలవాటిని నొప్పి తెలియకుండా చంపించింది. కాపాడడమంటే చంపడమా అని మనలో కొందరు చెవులు మూసుకోవచ్చును. మాకూ మొదట అట్లే తోచినది. అయితే ఆ గుర్రాలకు ఇల్లంటూ దొరికినది ఆ కొద్ది దినాలే.

ఇంతకన్న మెచ్చదగిన సంగతి మరొకటి ఉన్నది. గుర్రాన్ని అమ్మినవాడు దుష్టుడని ఆమె తీర్మానించలేదు. అతడు పేదవాడు; ఆ బండి ఆడకపోతే ఇంట పొయ్యి రాజదు. గుర్రాన్ని ఊరకే లాగుకొనక వెల ఇచ్చి కొన్నది కూడా అందుకే. వాత ఉన్న గుర్రాలు ఎట్లాగూ కొన్నాళ్లకు అంతరిస్తాయి. బండ్లు మాత్రం నిలువవు. కనుక 1934లో ఆమె కైరోలో యుద్ధాశ్వ స్మారక వైద్యశాలను స్థాపించింది. బండివారు తమ జంతువులను తెచ్చుకొని ఉచితంగా వైద్యం చేయించుకొని, మరల ఇంటికి తోలుకొనిపోవచ్చును. పరాయి ఇల్లు వెదకడానికి బదులు, ఉన్న ఇంటినే బాగుచేసే ఉపాయమిది.

బలమున్న గుర్రాల సంగతి వేరు. కొత్త ఇల్లు వెదకి ఇవ్వడం ఇంగ్లండులో నేడు చక్కని ఏర్పాటుగా సాగుతున్నది. ముసలి గుర్రాలను కబేళాలకు ఎగుమతి చేయడాన్ని ఎదిరించి ఆడా కోల్ అనే ఆమె 1927లో నెలకొల్పిన సంస్థ నేటికీ ఉన్నది. అది గుర్రాన్ని దత్తత ఇస్తుంది గాని హక్కు వదలదు. పెంచేవారి ఇంటికి తన మనుషులను పంపి, మేత ఎట్లున్నది, గిట్టలెట్లున్నవి అని చూపిస్తూ ఉంటుంది. ఇల్లు సరిపడకపోతే గుర్రాన్ని వెనుకకు తెచ్చుకుంటుంది. 1919నాటి అమ్మకంలో లోపించినది సరిగా ఈ షరతే.

డొరొతీ బ్రూక్ 1955లో కైరోలోనే కన్నుమూసింది. ఆమె సమాధి కూడా ఆ నగరంలోనే ఉన్నది. ఆమె పేరుతో వెలసిన సంస్థ ఈనాడు మన దేశంతో సహా పలు దేశాలలో బండిగుర్రాలకు, గాడిదలకు, కంచరగాడిదలకు వైద్యం అందిస్తున్నది.