తపాలా ముద్రలలో దేవాలయములు

ఉత్తరముపై నుండు తపాలాబిళ్లను జూచి ముచ్చటపడువారు పెక్కురు. దానిపై బడిన నల్లని ముద్రను పరికించువారు కొలదిమంది. కాని చరిత్రకు గట్టి సాక్ష్యము ముద్రయే. బిళ్ల తన్ను వెలువరించిన దేశమేదో తెలుపును. ఆ యుత్తరము ఏ యూర, ఏ దినమున తపాలాలో చేరినదో ముద్ర తెలుపును.

ముద్ర బిళ్లకంటె ప్రాచీనము. ఇంగ్లండు తపాలాధిపతి హెన్రీ బిషప్పు 1661లో నెలను, తేదీని తెలుపు చిన్న గుండ్రని ముద్రను ప్రవేశపెట్టెను. ఉత్తరములను జాగుచేయు ఉద్యోగుల అలసత్వమును పట్టి యిచ్చుటయే దాని ప్రయోజనము. సింధు రాష్ట్రమున బార్టిల్ ఫ్రియర్ తపాలాబిళ్లలను వాడుకలోనికి దెచ్చినది 1852లో గదా!

భారతదేశమున ముద్రకు చిత్రము తోడైన ప్రసిద్ధ సందర్భము 1911 ఫిబ్రవరి 18. ఆనాడు ఫ్రెంచి వైమానికుడు హెన్రీ పెకే అలహాబాదు నుండి నైనీకి విమానమున ఉత్తరములను గొనిపోయెను. వానిపై విమానమును, కొండలును గల ముద్ర వేయబడినది. అది ఆ యుత్సవమునకు మాత్రమే చేయించిన ముద్ర.

దేవాలయము బిళ్లలపై నంతకు తరువాత గానవచ్చును. ఐదవ జార్జి రజతోత్సవమునకు 1935లో వెలువడిన అణా బిళ్లపై రామేశ్వరాలయము కలదు. 1949 ఆగస్టు 15న వెలువడిన వరుసలో నాలుగణాల బిళ్లపై భువనేశ్వరాలయమును, ఎనిమిదణాల బిళ్లపై ఖజురహోలోని కందారియ మహాదేవాలయమును చిత్రించిరి. అయినను బిళ్ల కొక స్థలము లేదు. రామేశ్వరపు బిళ్లను నాడు పెషావరులోనైనను కొని అంటింప వీలుండెను.

స్వాతంత్ర్యానంతరము యాత్రాస్థలముల తపాలా కార్యాలయములలో నెలకొన్న శాశ్వత చిత్రముద్రలు ఈ కొరతను దీర్చినవి. కోణార్కము, మామల్లపురము, మధుర, ఖజురహో, తిరుమల మున్నగు క్షేత్రముల కట్టి ముద్రలు కలవు. కోణార్కపు ముద్రను గోరువాడు కోణార్క కార్యాలయమునే ఆశ్రయింపవలెను. స్వయముగా పోవలెను, లేదా బిళ్ల అంటించిన కవరును విన్నపముతో పంపవలెను.

ఈ ముద్రలలో తేదీ దినదినమును మారును, చిత్రము మారదు. అయినను అచ్చు అరిగినకొలది గోపురపు గీతలు లావెక్కి యొకదానితో నొకటి కలిసిపోవును. క్రొత్త అచ్చు చేయించినపుడు అక్షరముల అమరిక మారవచ్చును. 1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్‌కోడు అమలులోనికి వచ్చినది. కావున ఆ యంకెలు గల అచ్చు అంతకు పూర్వపుది కాజాలదు. ఇట్టి చిన్న గుర్తులే పరిశోధకునకు ఆధారములు.

విచారకరమైన విషయ మొకటి కలదు. బిళ్లలమీది మక్కువతో కవరు మూల కత్తిరించి నీట నానవేయుట పలువురి యలవాటు. అప్పుడు గోపురములో సగము బిళ్లతో బోవును. సగము చెత్తలో గలియును. ఊరి పేరును, తేదీయును చెడును. క్షేత్రమునుండి పెద్దలు ఇంటికి వ్రాసిన దర్శన వార్తకు సాక్ష్యమే నశించును. కావున ఎరిగిన సేకర్త కవరును కవరుగనే, కార్డును కార్డుగనే పదిలపరచును.

నేడు ఉత్తరములు వ్రాయువారు తగ్గిరి. పాత పెట్టెలలో మిగిలినవే ముందుతరముల కాధారములు. గ్రంథముల ప్రక్కన వానికిని ఒక అర కేటాయించిన గ్రంథాలయము, ఆ గ్రామస్థులు ఏ యేట ఏ క్షేత్రమునకు బోయిరో చెప్పగల చరిత్రను కాపాడినదగును.