యాంజియోగ్రామ్ దాకా చేరేదెవరు? దిల్‌సుఖ్‌నగర్–ఎల్బీ నగర్ దారిలో ఆగిన గుండె గురించి

ఆసుపత్రి బయట గుండె ఆగి, మళ్లీ కొట్టుకోవడం మొదలైన రోగిని నేరుగా యాంజియోగ్రామ్ చేసే క్యాథ్ ల్యాబ్‌కు తీసుకెళ్లాలా, ముందు ఐసీయూలో కుదుటపరచాలా? 1997లో వెలువడ్డ అధ్యయనంలో, పారిస్‌లో స్పాల్డింగ్ బృందం అలాంటి 84 మందికి వెంటనే యాంజియోగ్రామ్ చేస్తే 40 మందిలో గుండె రక్తనాళం మూసుకుపోయి కనిపించింది. ఆ తర్వాత చాలాకాలం ‘వెంటనే’ అనే పక్షానిదే పైచేయి అయింది.

2019లో వెలువడ్డ నెదర్లాండ్స్ అధ్యయనం కోయాక్ట్ ఆ నమ్మకాన్ని కదిపింది. ఈసీజీలో ఎస్టీ ఎలివేషన్ (గుండె రక్తనాళం మూసుకుపోయిందని సూచించే గుర్తు) లేని 552 మందిని రెండు వర్గాలుగా విభజించారు. 90 రోజులకు బతికి ఉన్నవారు వెంటనే యాంజియోగ్రామ్ చేసిన వర్గంలో 64.5 శాతం, ఆగి చేసిన వర్గంలో 67.2 శాతం. చనిపోయినవారిలో ఎక్కువమందిని తీసుకెళ్లింది మెదడుకు జరిగిన నష్టం. 2021లో జర్మనీ, డెన్మార్క్‌ల టోమాహాక్ అధ్యయనంలోనూ తొందరపడినందువల్ల ప్రాణాలు అదనంగా దక్కలేదు.

ఎస్టీ ఎలివేషన్ ఉంటే మాత్రం ఆగకూడదు. కాకపోతే ఆ ఈసీజీ ఎప్పుడు తీశారన్నది చూడాలి. 2021లోనే వచ్చిన మరో యూరప్ పరిశీలనలో, గుండె తిరిగి కొట్టుకున్న మొదటి ఏడు నిమిషాల్లో తీసిన ఈసీజీలు 18.5 శాతం సందర్భాల్లో తప్పుదారి పట్టించాయి. 33 నిమిషాలు దాటాక తీసినవాటిలో అది 5.8 శాతమే.

ఈ అధ్యయనాలన్నీ గుండె తిరిగి కొట్టుకున్నవారి గురించే. అక్కడిదాకా చేరేది ఎందరన్నది రోడ్డు మీదే తేలుతుంది. హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర సాయంత్రం రద్దీలో ఒకాయన కుప్పకూలాడనుకుందాం. మెదడుకు రక్తం అందక కాళ్లూ చేతులూ కాసేపు కొట్టుకుంటాయి. చూసినవాళ్లు ‘ఫిట్స్’ అంటారు. ఎవరో బండి తాళాలు తీసి గుప్పిట్లో పెడతారు. ఇంకొకరు నోట్లో నీళ్లు పోస్తారు. మధ్యమధ్య ఎగశ్వాస వస్తుంటే ‘ఊపిరి ఆడుతోంది, ఏం కాదు’ అని ధైర్యం చెబుతారు. అది ఊపిరి కాదు. ఛాతీపై ఒత్తిళ్లూ విద్యుత్ షాకూ అందకపోతే బతికే అవకాశం నిమిషానికి ఏడు నుంచి పది శాతం చొప్పున పడిపోతుంది. తాళాల కోసం జేబులు వెతికే వ్యవధి కూడా ఆ లెక్కలోదే.

పక్కనున్నవారు సరిగ్గా స్పందిస్తే ఫలితం వేరుగా ఉంటుంది. ఎల్బీ నగర్ నుంచి వెళ్లే ఇన్నర్ రింగ్ రోడ్డు మీదే ఆరాంఘర్ చౌరస్తా ఉంది. 2023 ఫిబ్రవరిలో అక్కడ కుప్పకూలిన ఒక వ్యక్తిని ట్రాఫిక్ కానిస్టేబుల్ ఛాతీ నొక్కుతూ సీపీఆర్ చేసి బతికించాడు. ఆ వీడియో రాష్ట్రమంతా తిరిగింది. ఆ మార్చి 1న తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ మొదలుపెట్టింది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతు దాకా నొక్కడం ఒక పూటలో నేర్చుకోగల పని.

కొత్తపేటలో పాత గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలంలో టిమ్స్ (తెలంగాణ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్) ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అక్కడ రాత్రింబవళ్లు పనిచేసే క్యాథ్ ల్యాబ్ ఉంటే మంచిదే; ఎస్టీ ఎలివేషన్ ఉన్నవారికి అదే దిక్కు. నా మట్టుకు నేను, దానికన్నా ముందు మూసారాంబాగ్ నుంచి ఎల్బీ నగర్ దాకా ప్రతి మెట్రో స్టేషన్‌లోనూ, చేతికందేచోట షాక్ ఇచ్చే ఏఈడీ పెట్టె ఉండాలంటాను.

వీటితోపాటు లెక్కలూ కావాలి. ఆసుపత్రి బయట గుండె ఆగిన ఘటనలను నమోదు చేయడానికి 1991 నుంచి ప్రపంచం వాడుతున్న ఉట్‌స్టైన్ నమూనాలో పడిపోయిన సమయం, పక్కనున్నవారు సీపీఆర్ చేశారా లేదా, మొదట కనిపించిన గుండె లయ అన్నీ నమోదవుతాయి. మన 108 అంబులెన్సు కాగితమూ ఆసుపత్రి కేస్‌షీటూ ఈ పద్ధతిలో ఒకదానికొకటి కలిస్తేనే, యాంజియోగ్రామ్ ఎప్పుడు చేయాలన్న ప్రశ్నను మన రోగుల మీద పరీక్షించగలం.