కృష్ణాతీరపు ధనుర్ధారిణి

విలువిద్య యనినంతనే మనకు అర్జునుడు స్ఫురించునుగాని స్త్రీ స్ఫురింపదు. మన గన్నవరమునకు పొరుగుననున్న విజయవాడలో 1996లో జన్మించిన వెన్నం జ్యోతిసురేఖ ఈ తలంపును మార్చినది.

ఐదేండ్లు నిండకమున్నే కృష్ణానదిలో ఐదు కిలోమీటర్లు ఈదిన ఆ బాలిక పిమ్మట విల్లు చేపట్టెను. ఆమె యెన్నుకొన్నది కొనలయందు కప్పీలుగల కాంపౌండ్ విల్లు. దానికి ఒలింపిక్ క్రీడలలో స్థానము లేకుండెను. దేశమంతయు ఒలింపిక్ పతకములనే లెక్కించుచుండగా, ఆ ద్వారము మూసియున్న విద్యయందే ఆమె యేండ్లతరబడి సాధన చేసెను. 2017లో అర్జున పురస్కారము లభించెను. 2021 ప్రపంచ పోటీలలో మూడు రజతములు వచ్చినను స్వర్ణము చేజిక్కలేదు.

2023 ఆగస్టులో బెర్లిన్ నగరమున అదితీ స్వామి, పర్ణీత్ కౌర్‌లతో గూడి మెక్సికో జట్టును 235–229తో ఓడించెను. విలువిద్యలో భారతదేశమునకు అదియే తొలి ప్రపంచ స్వర్ణము. రెండు నెలలకు చైనాలోని హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణములు గైకొనెను. వ్యక్తిగత తుదిపోరున 50 మీటర్ల దూరమునుండి విడిచిన 15 బాణములలో 14 పదింటను, ఒక్కటి మాత్రము తొమ్మిదింటను నాటెను. మొత్తము 149, కొరియా ప్రత్యర్థికి 145.

2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్ క్రీడలలో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీకి స్థానము కల్పింపబడినది. ద్వారము తెరువకమున్ను సాధన చేసినవారికే తెరచిననాడు ప్రవేశము.

పతకము వచ్చిన పిదప పూలదండ వేయుటకు మనలో అనేకులు సిద్ధము. పతకము రాకమున్ను విల్లు కొనియిచ్చువారెందరు? మన విద్యానిధిలో క్రీడాభ్యాసము చేయు బాలికలకును ఒక భాగము కేటాయింపవలసినదిగా పోషకమహాశయులను మేము ప్రార్థించుచున్నాము.