రేపటి అఖ్బార్



2024 ఏప్రిల్ 25, జుమేరాత్. అసర్ నమాజ్ చదువుకుని ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ తాగుతున్నాను. మా భాంజా ఫోన్ చేశాడు. "మామూ, ఆజ్ తారీఖ్ క్యా హై మాలూమ్?" అన్నాడు. నాకేమీ తట్టలేదు. పగార్ తారీఖ్ కాదు, ఖాందాన్‌లో ఎవరి షాదీ లేదు. "ఫ్లాష్ గాయబ్ అయ్యే రోజు మామూ! మర్చిపోయినవా?" అన్నాడు.

అవును, మర్చిపోయాను. ఒకప్పుడు ఈ తారీఖు మీద మా ఇంట్లో రాత్రి పన్నెండు దాకా బహస్ నడిచేది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. 'ది ఫ్లాష్' అమెరికాలో 2014 అక్టోబర్ 7న మొదలైన సీరియల్. బారీ అలెన్ అని పోలీసు ల్యాబ్‌లో పనిచేసే కుర్రాడు. మెరుపు తగిలి గాలికంటే వేగంగా పరుగెత్తే తాఖత్ వస్తుంది. ఎంత వేగమంటే వఖ్త్‌ను కూడా దాటి వెనక్కీ ముందుకీ పోగలడు. మొదటి ఎపిసోడ్ చివర్లో, అతనికి సాయపడుతున్న సైంటిస్టు ఒక రహస్య గదిలోకి వెళ్ళి గోడ మీద ఒక అఖ్బార్ చూస్తాడు. అది పదేళ్ళ తర్వాతి అఖ్బార్. తారీఖు 2024 ఏప్రిల్ 25. ఫ్లాష్ ఒక పెద్ద ఆపదలో మాయమైపోయాడని ఖబర్. ఆ ఖబర్ రాసినామె పేరు ఐరిస్ వెస్ట్-అలెన్. ఐరిస్ అంటే బారీ ప్రేమించే పిల్ల. పేరు చివర 'అలెన్' చూడగానే, ఇంకా ఇజ్హార్ కూడా కాని ఇష్క్‌కు నికాహ్ అయిపోయిందని దునియా మొత్తానికి తెలిసిపోయింది!

ఇక చూడండి, ఆ ఒక్క కాగితం పట్టుకుని ప్రపంచం నిండా కుర్రాళ్ళు ఏళ్ళ తరబడి అందాజాలు కట్టారు. ఎక్కడికి పోతాడు? చచ్చిపోతాడా, వేరే జమానాలో చిక్కుకుంటాడా? తారీఖు మారుతుందా? 2019 మేలో అయిదో సీజన్ ఆఖర్లో అఖ్బార్ మీద అంకెలు కళ్ళముందే మారిపోయి 2019 డిసెంబర్ అయింది. ఆపద అయిదేళ్ళు ముందుకు జరిగింది. 2023 మే 24న సీరియలే ఖతమ్ అయింది. అంటే అసలు తారీఖు వచ్చేసరికి తెర మీద ఫ్లాష్ లేడు. "అయితే నిజంగానే గాయబ్ అయిండు కదరా" అన్నాను. వాడు పడీపడీ నవ్వాడు.

ఆ కబురు విని పక్క బెంచీ మీద కూర్చున్న మా మొహల్లా బుజుర్గ్ ఒకాయన ముఖం చిట్లించారు. "గైబ్ కీ బాతేఁ హైఁ మియా, ఈమాన్ ఖరాబ్ హోతా" అన్నారు. ఆయన భయాన్ని నేను హేళన చేయను. గైబ్ ఇల్మ్ అల్లాహ్‌కు తప్ప ఎవరికీ లేదు, ఇందులో ఇద్దరికి రెండు రాయ్‌లు ఉండవు. కానీ కథలో రేపు ఏం జరుగుతుందో అందాజా కట్టడం ఈ పిల్లలు అమెరికా నుంచి తెచ్చుకున్న జబ్బని మాత్రం ఒప్పుకోను. ఈ ఆదత్ మనది. మన తాతలు రాత్రుళ్ళు మేలుకుని నేర్చిన ఆదత్.

దాస్తాన్-ఎ-అమీర్ హమ్జా పేరు వినే ఉంటారు. హజ్రత్ హమ్జా (రజి) మన రసూల్ (స) గారికి చాచా. హిజ్రీ 3లో ఉహుద్ మైదానంలో షహీద్ అయ్యారు. ఇది తారీఖ్. దీని మీద ఖిస్సాఖ్వాన్‌లు అల్లుకుంటూ పోయిన దేవ్‌లు, పరీలు, జాదూగర్లు అంతా ఖయాల్. ఈ రెంటికీ తేడా మన పెద్దలకు బాగా తెలుసు. తెలిసే విన్నారు.

ఆ దాస్తాన్ ఎలా మొదలవుతుందో చూడండి. ఇరాన్ బాద్షా నౌషేర్వాన్‌కు ఖ్వాబ్ వస్తుంది. ఒక కాకి వచ్చి తాజ్ ఎత్తుకుపోతుంది, ఒక డేగ ఆ కాకిని కొట్టి తాజ్ తిరిగి తెస్తుంది. వజీర్ బుజుర్జ్‌మెహర్ తాబీర్ చెప్తాడు. ఒక దుష్మన్ లేచి నీ తాజ్ లాక్కుంటాడు, మక్కాలో పుట్టబోయే హమ్జా అనే బచ్చా దాన్ని తిరిగి తెచ్చిస్తాడు అని. హీరో ఇంకా పుట్టనే లేదు, ఆయన ముస్తఖ్బిల్ మాత్రం దర్బార్‌లో చదివేశారు. రేపటి అఖ్బార్ గోడకెక్కింది!

ఇది మనకు దూరపు కిస్సా కూడా కాదు. హమదాన్ నుంచి హాజీ ఖిస్సాఖ్వాన్ అనే ఆయన పదిహేడో శతాబ్దం మొదట్లో హైదరాబాద్ వచ్చాడు. కుతుబ్‌షాహీల కొలువులో ఈ దాస్తాన్‌నే కుదించి 'జుబ్దతుర్రుమూజ్' పేరుతో ఫార్సీలో రాశాడు. ఇస్నాపూర్ నుంచి పటాన్‌చెరు, లింగంపల్లి మీదుగా పోతే గోల్కొండ ఎంత దూరం? మా కంపెనీ బస్సు రోజూ తిరిగే దూరమే. ఉత్తరాన అక్బర్ బాద్షా అయితే 'హమ్జానామా' కోసం పదిహేనేళ్ళు ముసవ్విర్లను కూర్చోబెట్టి దాదాపు 1400 బొమ్మలు గీయించాడు. ఆ తర్వాత ఉర్దూలో లక్నో నవల్ కిశోర్ ప్రెస్ వాళ్ళు 1883 నుంచి 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా' అచ్చువేయడం మొదలుపెట్టారు. ముహమ్మద్ హుసైన్ జాహ్, అహ్మద్ హుసైన్ ఖమర్ రాసినవి. హమ్జా దాస్తాన్ మొత్తం కలిపి 46 జిల్ద్‌లయింది. ఒక్కొక్కటి తలగడంత.

ఎందుకంత పెరిగింది? నా రాయ్ చెప్తాను. ఆఖరు అందరికీ తెలుసు కాబట్టి. అమీర్ హమ్జా ఉహుద్‌లో షహీద్ అవుతాడు. దాన్ని ఏ దాస్తాన్‌గో మార్చలేడు, మార్చడు. ఆ తారీఖు రాకుండా ఎన్ని రాత్రులు ఆపగలడన్నదే ఆయన ఫన్. 'దాస్తాన్ రోక్‌నా' అనేవాళ్ళు దాన్ని. పద్దెనిమిది రోజుల్లో వస్తానని కోహ్-ఎ-ఖాఫ్‌కు పోయిన హమ్జా పద్దెనిమిదేళ్ళు అక్కడే ఉండిపోతాడు. ఇక్కడ మెహర్ నిగార్ ఎదురుచూస్తూ ఉంటుంది. కిందేమో వినేవాళ్ళు. వాళ్ళు ఊరుకుంటారా? అమర్ అయ్యార్ ఇలా చేస్తాడు, లేదు అలా చేస్తాడు అనుకుంటూ ఉంటారు. మజ్లిస్ అయ్యాక ఇంటికి నడుస్తూ కట్టే ఆ అందాజాలనే మా భాంజా 'ఫ్యాన్ థియరీ' అంటాడు. అంతే తేడా.

ఈ అమర్ అయ్యార్ నాకు మహబూబ్. మాయల సంచీ జంబీల్‌లో ఊళ్ళకు ఊళ్ళు పట్టుకుని తిరుగుతాడు. రూపం మార్చడంలో ఉస్తాద్. ఆయన అయ్యారీయే బాబూ దేవకీనందన్ ఖత్రీ 1888 నాటి నవల 'చంద్రకాంత'లోకి వచ్చింది. అది 1994లో దూరదర్శన్ కెక్కింది. మా అమ్మీ వంట మానేసి మరీ చూసేది. 1997లో 'శక్తిమాన్' వచ్చేసరికి మేము గంగాధర్ ఎప్పుడు దొరికిపోతాడని పందేలు కట్టుకునేవాళ్ళం. పందెం అంటే బఠానీలే లెండి, ఖిమార్ కాదు.

మళ్ళీ ఫ్లాష్‌కు వస్తాను. 2017. భాంజా అప్పుడు ఇంటర్. జియో వచ్చి ఏడాది కాలేదు. ఫోన్‌లో డేటా ఎంత వాడినా అడిగేవాడు లేడు. మూడో సీజన్ నడుస్తోంది. బారీ పొరపాటున ముస్తఖ్బిల్‌లోకి తొంగి చూస్తాడు. సవితార్ అనే జాలిం ఐరిస్‌ను చంపడం కళ్ళారా చూస్తాడు. తారీఖు 2017 మే 23. ఇక ఆ రోజు రాకముందే దాన్ని మార్చాలని సీజనంతా తంటాలు. వాళ్ళు చూసిన భవిష్యత్ ఖబర్లను ఒక్కొక్కటే అబద్ధం చేయబోతారు. కొన్ని అబద్ధమయ్యాయి కూడా. ఆఖరి ముందు ఎపిసోడ్‌లో, బారీ చూసినట్టే ఐరిస్ చచ్చిపోయింది. మావాడు అన్నం ముట్టలేదు.

నేను ఆ సీను రెండోసారి వేయించి చూశాను. "అరే, ఆమె మరీ నిమ్మళంగా ఉంది. ఆ హెచ్.ఆర్. దగ్గర ముఖం మార్చే యంత్రం ఉంది కదా? ఇది అయ్యారీ. చచ్చింది ఐరిస్ కాదు" అన్నాను. "నక్కో మామూ, తుమ్కో క్యా మాలూమ్" అన్నాడు. తర్వాతి వారం, సరిగ్గా మే 23న వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌లో అదే జరిగింది. హెచ్.ఆర్. వెల్స్ అనే భోళా మనిషి, ఐరిస్‌ను దాచిన చోటు తన నోటితోనే దుష్మన్‌కు చెప్పేసిన మనిషి, ఐరిస్ ముఖం వేసుకుని ఆమె బదులు నిలబడి చచ్చిపోయాడు. బారీ చూసింది చూసినట్టే జరిగింది, ఐరిస్ మాత్రం బతికింది. ఆ రోజు మా ఇంట్లో నా ఇజ్జత్ ఎంత పెరిగిందో చెప్పలేను. నిజానికి నా గొప్పేం లేదు, అమర్ అయ్యార్ శాగిర్ద్‌లు ఎవరైనా పట్టేస్తారు.

భాంజా తర్వాత పాశమైలారంలో పనికి చేరాడు. అప్పుడు ఈ సీను మీద వాడి జోకే వేరు. "హెచ్.ఆర్. బద్లీ డ్యూటీ చేసిండు మామూ. మా కంపెనీల హెచ్.ఆర్. ఎప్పుడన్నా వర్కర్ కోసం చచ్చిండా?" ఈ బెల్టులో పనిచేసినవాళ్ళకు బద్లీ అంటే చెప్పక్కర్లేదు. ఒకడు రాకపోతే వాడి మిషన్ మీద నిలబడే ఇంకొకడు. ఈ మాట చెప్పి రూంలో బీహార్ పిల్లల్ని కూడా నవ్వించేవాడు.

2025 జూన్ 30, పీర్. పొద్దున పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. నలభై మందికి పైగా పోయారు. చాలామంది బీహార్, ఒడిశా, యూపీ నుంచి రొట్టె కోసం వచ్చినవాళ్ళు. కొందరి మయ్యత్ గుర్తుపట్టడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. మావాడి కంపెనీ వేరు, అల్‌హమ్దులిల్లాహ్. కానీ ఆ పొగ మా మిద్దె మీదికి కనబడింది.

ఆ రాత్రి వాడు ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. "మామూ, ఒక్క రోజు వెనక్కి పోతే చాలు కదా. ఒక్క రోజు. ఇత్వార్ పొద్దున పోయి, రేపు డ్యూటీకి పోకుండ్రి అని చెప్తే చాలు" అన్నాడు. బారీ తన తల్లి చావును ఆపడానికి వెనక్కి పోతే దునియా మొత్తం తలకిందులైన కిస్సా వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట నా నోట రాలేదు. పరామర్శకు వచ్చిన ఒకాయన "తఖ్దీర్ మేఁ లిఖా థా" అన్నాడు. వాడు లేచి బయటికి పోయాడు.

ఆ మాట నన్ను కొన్ని రోజులు సతాయించింది. తఖ్దీర్ మీద మనకు ఈమాన్ ఉంది. కానీ దాన్ని ఎక్కడ వాడుతున్నాం? హిజ్రీ 18లో, అంటే ఈసవీ 639లో, షామ్‌లో తాఊన్ చెలరేగింది. హజ్రత్ ఉమర్ (రజి) లష్కర్‌తో అటు వెళుతూ సర్గ్ అనే చోట ఆ ఖబర్ విన్నారు. ముహాజిర్లను పిలిచి అడిగారు, అన్సార్లను అడిగారు, ఖురైష్ పెద్దలను అడిగారు. చివరికి వెనక్కి మళ్ళుదామన్నారు. హజ్రత్ అబూ ఉబైదా (రజి), అల్లాహ్ తఖ్దీర్ నుంచి పారిపోతున్నారా అని అడిగారు. చిన్న సవాల్ కాదది. హజ్రత్ ఉమర్ జవాబు మనందరికీ తెలిసిందే: అవును, అల్లాహ్ తఖ్దీర్ నుంచి అల్లాహ్ తఖ్దీర్ వైపే పోతున్నామని. లోయకు ఒక పక్క పచ్చిక, ఒక పక్క ఎండిన నేల ఉంటే, ఒంటెల్ని ఎటు తోలినా అల్లాహ్ తఖ్దీర్‌తోనే కదా అని కూడా అడిగారు. తర్వాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, తాఊన్ ఉన్న ఊళ్ళోకి పోవద్దని, ఉన్న ఊరి నుంచి పారిపోవద్దని రసూల్ (స) గారు చెప్పిన మాట వినిపించారు.

మన పెద్దలు ఒంటెల్ని పచ్చిక వైపు తోలారు. మనం ఎండిన వైపు తోలేసి, ఆ తర్వాత తఖ్దీర్ అంటున్నాం. అందుకే దాస్తాన్ వినేవాడి అందాజా, ఈ పిల్లల థియరీ నాకు గునాహ్‌గా కనబడవు. ఆఖరు రాసి ఉందని తెలిసి కూడా 'ఇంకో దారి లేదా' అని రాత్రంతా వెతకడం వాటిలో ఉంది. గైబ్ తెలుసని దావా చేయడం లేదు.

ఇదంతా భాంజాకు కూర్చోబెట్టి చెప్పాను. విన్నాడు. హజ్రత్ ఉమర్ కిస్సా రెండోసారి చెప్పించుకున్నాడు. ఏమీ అనలేదు.

జూలై ఆఖర్లో ఒక జుమా రోజు నమాజ్ అయ్యాక మస్జిద్ మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటూ, "మా షెడ్డుకు రెండో గేటు ఉంది మామూ. దాని ముందు డ్రమ్ములు పెట్టిండ్రు. తీసేదాకా లోపలికి పోనని బయటనే నిలబడ్డ" అన్నాడు.

"ఒక్కడివేనా?"

"ముందు ఒక్కణ్ణే. తర్వాత బీహార్ పిల్లలు ముగ్గురొచ్చిండ్రు."

"ఏమన్నారు కంపెనీవాళ్ళు?"

"ఒకరోజు పగార్ కట్."

"డ్రమ్ములు?"

"తీసిండ్రు."