బేకోన్ కాలేజీకి జాగా ఎవరిచ్చారు?

చరిత్ర పోస్టుల్లో ఈసారి కొంచెం దూరం పోదాం, అమెరికాలోని ఓక్లహోమాకి. అక్కడ మస్కోగీ పట్నంలో బాప్టిస్టు చర్చి వాళ్ల చిన్న కాలేజీ ఒకటి ఉండేది, పేరు బేకోన్. మనం పాఠాల్లో 'రెడ్ ఇండియన్లు' అని చదివామే, ఆ తెగల పిల్లల కోసం పెట్టింది. (వాళ్లని చెరోకీ, క్రీక్, చెయెన్ అని తెగ పేరుతో పిలవడమే మర్యాద. మనందర్నీ కలిపి 'ఏజెన్సీ వాళ్లు' అంటే మనకెలా ఉంటుందో వాళ్లకీ అంతే.)

మిషనరీ వచ్చాడు, చదువు తెచ్చాడు అనే కథ మనకి అలవాటే. ఇక్కడ అది సగమే నిజం. 1838-39లో సైన్యం చెరోకీలని సొంత ఊళ్ల నుంచి వెళ్లగొట్టి పడమటికి నడిపించింది. దారిలో వేలమంది పోయారు. అలా వచ్చిపడ్డ మనుషులు 1851 కల్లా మగపిల్లలకొకటి, ఆడపిల్లలకొకటి సొంత హైస్కూళ్లు తెరిచారు. ఆల్మన్ బేకోన్ ఆ మగపిల్లల బడిలోనే టీచరు. అది మానేసి 1880లో తాలెక్వాలోని మిషన్‌లో ముగ్గురు విద్యార్థులతో కాలేజీ మొదలుపెట్టాడు. దాని పేరు ఇండియన్ యూనివర్సిటీ! ముగ్గురికి యూనివర్సిటీ ఏంటని మేమూ నవ్వుకున్నాం. ఏడాది తిరిగేసరికి యాభై దాటారు.

అసలు సంగతి జాగాది. క్రీక్ తెగకి అప్పట్లో సొంత సభ, సొంత చట్టాలు ఉండేవి. ఆ సభే 1881లో మస్కోగీ దగ్గర 160 ఎకరాలు ఇచ్చింది. భవనానికి రాక్‌ఫెల్లర్ 10,000 డాలర్లిచ్చాడు, 1885లో లేచిన హాలుకి ఆయన పేరే పెట్టారు. తరగతులు, పడక, భోజనం, ప్రార్థన అన్నీ అందులోనే. ఒకే కప్పు కింద బతుకు ఎలా ఉంటుందో హాస్టల్ వాళ్లకి చెప్పక్కర్లేదు. తర్వాత 1898 చట్టం వచ్చి తెగల కోర్టుల్ని తీసేసింది, ఉమ్మడి భూముల్ని మనిషికింత అని పంచేసింది. పంచిన ముక్కలు చాలావరకు బయటివాళ్ల చేతికి పోయాయి. 1/70 చట్టం ఎందుకని అడిగేవాళ్లకి ఇది చూపించొచ్చు.

ఆ రోజుల్లో కార్లైల్ లాంటి సర్కారు బడుల్లో పిల్లల జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనిచ్చేవాళ్లు కాదు. బేకోన్‌లోనూ బైబిలే ముందు, అందులో దాపరికం లేదు. కానీ చికసా తెగ గాయని అతలోవా అక్కడ టీచరుగా చేరాక గాలి మారింది. ఆమె పూనికతో 1932లో రాతి కట్టడం ఒకటి లేచింది. అందులోని పొయ్యి గోడని వేర్వేరు చోట్ల నుంచి తెప్పించిన రాళ్లతో కట్టారు. 1935లో ఏసీ బ్లూ ఈగిల్ చిత్రకళ విభాగం పెట్టాడు. అక్కడే చదివిన చెయెన్ బిడ్డ డిక్ వెస్ట్ 1947 నుంచి 1970 దాకా దాన్ని నడిపాడు. ఆయన ఏసుక్రీస్తుని కూడా తమ తెగ మనిషిగా గీశాడు. చర్చి కాలేజీలో ఉంటూనే! మా స్కూల్లో అయితే ఆగస్టు 9న ఆఫీసర్లు వస్తే థింసా ఆడమనేవాళ్లు, మర్నాడు మా భాషలో మాట్లాడితే నవ్వేవాళ్లు.

చివరికి అప్పులు బేకోన్‌ని ముంచాయి. 2024లో చదువులు ఆగిపోయాయి, కాలేజీ దివాలా కోర్టుకెక్కింది. 144 ఏళ్ల సంస్థ.

ఇది చదివాక మా ఊరి బడికి జాగా ఎవరిచ్చారని అడిగాం. ఒక తాత తన జీడితోట గట్టు మీద నిలబడి, ఇక్కడి నుంచి అక్కడి దాకా మా నాన్నదే అన్నాడు. బడి ముందు రాతి ఫలకం మీద వేరే పేరుంది. మీ ఊరి బడి సంగతేంటో పెద్దవాళ్లని అడిగి రాయండి, వాళ్లు ఉండగానే.